గుండెకు తగలకుండా ఎర్ర మందు

మందు ప్రయాణం: ఎనిమిదో భాగం

డాక్సోరుబిసిన్ ఎక్కించుకుంటున్న ప్రతి రోగి ఫైల్లోనూ ఒక లెక్క నడుస్తూ ఉంటుంది. ఈ విడత ఎన్ని మిల్లీగ్రాములు, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని. ఒంటి ఉపరితలంలో చదరపు మీటరుకు ఇంత అని కట్టే ఆ మొత్తం 450 దాటి 550 వైపు వెళ్తోందంటే డాక్టరు చెయ్యి వెనక్కి వస్తుంది. గడ్డ ఇంకా కరుగుతూ ఉండవచ్చు. మందు ఇంకా పనిచేస్తూ ఉండవచ్చు. అయినా ఆపేయాల్సిందే. ఐదేళ్ల తర్వాతో పదేళ్ల తర్వాతో జబ్బు తిరగబెట్టినా పాత మొత్తం చెరిగిపోదు, దానికే కలుపుకుంటూ పోవాలి. ఎందుకంటే ఆ లెక్క గడ్డది కాదు, గుండెది.

రొమ్ము క్యాన్సర్ మీద గట్టిగా పనిచేసే మందులు 1970ల్లో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. వాటిలో మొదటి వరసలో ఉన్నదానికే ఇలాంటి హద్దు. ఆ హద్దును వెనక్కి నెట్టడానికి జరిగిన ప్రయత్నంలోంచే, అమెరికా ప్రభుత్వ ఆమోదం పొందిన మొట్టమొదటి నానో మందు పుట్టింది. నానో వైద్యం గురించి రాసేటప్పుడు గడ్డను వెతుక్కుంటూ వెళ్లి కొట్టే బాణం అని వర్ణించడం పత్రికలకు అలవాటైపోయింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో జరిగింది వేరు. గడ్డ మీద పాత రూపం ఎంత చేసిందో కొత్త రూపమూ అంతే చేసింది. గుండెను మాత్రం చాలావరకు వదిలిపెట్టింది. ఈ రెండో మాటకు దక్కాల్సినంత గౌరవం దక్కలేదు. ఈ భాగమంతా దాని గురించే.

గత భాగంలో మిలాన్ దాకా వచ్చాం. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడిపిన రోజుల్లో రూపుదిద్దుకున్న మెథోట్రెక్సేట్‌ను మరో రెండు మందులతో కలిపి, ఆపరేషన్ అయిన స్త్రీలకు ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని జానీ బొనడోన్నా 1976లో చూపించింది ఆ ఊళ్లోని జాతీయ క్యాన్సర్ సంస్థలోనే. అంతకు కొన్నేళ్ల ముందు, డాక్సోరుబిసిన్‌ను మనుషులకు ఎక్కించి చూసిన తొలి బృందమూ ఆయనదే. కాబట్టి మనం ఇటలీ వదిలి పోనక్కర్లేదు. కాకపోతే కొంచెం దక్షిణానికి దిగాలి.

ఆడ్రియాటిక్ సముద్ర తీరంలో అపూలియా అనే ప్రాంతం ఉంది. అక్కడ ఒక గుట్ట మీద 13వ శతాబ్దంలో చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కట్టించిన ఎనిమిది పలకల కోట ఉంది. పేరు కాస్టెల్ దెల్ మోంటె. 1950ల్లో ఫార్మిటాలియా అనే ఇటలీ మందుల కంపెనీ పరిశోధకులు మట్టిలో బతికే సూక్ష్మజీవుల నుంచి కొత్త మందులు దొరుకుతాయేమోనని ఊరూరా మట్టి సేకరిస్తున్నారు. ఆ కోట చుట్టుపక్కల తీసిన మట్టిలో ఒక స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా కనిపించింది. అది నిగనిగలాడే ఎర్ర రంగును తయారుచేస్తోంది. ఆ ఎర్ర పదార్థాన్ని ఎలుకలకు ఇస్తే వాటి గడ్డలు తగ్గాయి. ఇంచుమించు అదే సమయంలో ఫ్రాన్స్‌లో మరో బృందానికి కూడా ఇదే పదార్థం దొరికింది. అది డానోరుబిసిన్. రక్త క్యాన్సర్ మీద బాగా పనిచేసింది కానీ 1967 నాటికి దాని రెండో ముఖం బయటపడింది: కొందరు రోగుల గుండె చచ్చుబడి ప్రాణం పోతోంది.

ఫార్మిటాలియా శాస్త్రవేత్తలు ఆ బాక్టీరియాను రసాయనాలతో మార్చి, దాని చేత కొంచెం తేడా ఉన్న మరో ఎర్ర పదార్థాన్ని తయారుచేయించారు. పాత అణువుకు ఒక్క హైడ్రాక్సిల్ గుంపు అదనం, అంతే. పక్కనున్న సముద్రం పేరు మీద దానికి ఆడ్రియామైసిన్ అని పేరు పెట్టారు. మనం ఇవాళ డాక్సోరుబిసిన్ అంటున్నది అదే. ఫెదెరికో అర్కమోనె బృందం 1969లో దాని వివరాలు ప్రకటించింది. 1974లో అమెరికా ఆమోదం వచ్చింది. రక్త క్యాన్సర్‌కే పరిమితం కాకుండా రొమ్ములో, ఎముకలో, మెత్తని కండలో పుట్టే గట్టి గడ్డల మీద కూడా ఇది పనిచేసింది. క్యాన్సర్ వార్డుల్లో అప్పటిదాకా లేని ఆశ వచ్చింది.

గుండె గండం మాత్రం పోలేదు. 1973లో అమెరికా వైద్యులు 399 మంది రోగుల వివరాలు ముందేసుకుని లెక్క తీశారు. మొత్తం డోసు 550 లోపు ఆగిపోయిన 366 మందిలో గుండె విఫలమైనది ఒక్కరికి. 550 దాటిన 33 మందిలో పది మందికి. ఆ ఒక్క పట్టికే మొదట్లో చెప్పుకున్న గీతకు మూలం. తర్వాత 2003లో ఇంకా నిశితంగా లెక్కగట్టినప్పుడు 400 దగ్గరే నూటికి ఐదుగురికీ, 550 దగ్గర నూటికి ఇరవై ఆరుగురికీ గుండె దెబ్బతింటుందని తేలింది. గీత ఇంకా కిందికి జరిగింది.

ఈ మందు పని తీరు తెలిస్తే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. కణం విడిపోవాలంటే ముందు తన డీఎన్ఏ ముడులు విప్పుకోవాలి. ఆ ముడులు విప్పే టోపోఐసోమరేజ్ అనే ఎంజైమ్‌ను డాక్సోరుబిసిన్ మధ్యలో పట్టి ఆపేస్తుంది. డీఎన్ఏ తెగిపోతుంది, కణం చచ్చిపోతుంది. త్వరత్వరగా విడిపోయే క్యాన్సర్ కణాలకు ఇది గట్టి దెబ్బ. జుట్టు కుదుళ్లూ, నోటి పొరా, ఎముక మూలుగా కూడా దెబ్బతింటాయి కానీ అవి కొన్ని వారాల్లో మళ్లీ పుంజుకుంటాయి. గుండె కండరంలోనూ ఆ ఎంజైమ్‌కు దగ్గరి చుట్టమైన మరో రకం ఉంది, మందు దాన్నీ పట్టుకుంటుంది. గుండె కణాలు పెద్దయ్యాక దాదాపుగా విడిపోవు. పోయిన కణం స్థానంలో కొత్తది రాదు. అందుకే రోగిని చికిత్సకు ముందూ మధ్యలోనూ టూడీ ఎకోకు పంపి, పంపింగ్ ఎంత ఉందో చూసుకుంటారు.

మన ఊళ్లలో కీమో డేకేర్‌లో కూర్చున్నవాళ్లకు ఈ మందును ప్రత్యేకించి పరిచయం చేయక్కర్లేదు. మిగతావన్నీ నీళ్లలా ఉంటే ఇదొక్కటే చిక్కటి ఎర్రగా ఉంటుంది. సెలైన్ పారుతూ ఉండగా నర్సు సిరంజితో నెమ్మదిగా, సూది సరిగ్గా నరంలోనే ఉందో లేదో పదేపదే చూసుకుంటూ ఎక్కిస్తుంది. ఒక్క చుక్క నరం బయటికి కారినా అక్కడి చర్మం, కండ చచ్చి పుండు పడుతుంది. ఆ రోజూ మర్నాడూ మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పి పంపుతారు. ఇంగ్లీషు దేశాల రోగులు దీన్ని ఎర్ర దెయ్యం అని పిలుచుకున్నారు.

మంచి మందే, కానీ ఒంట్లో ఎక్కడికి పడితే అక్కడికి పోతుంది. రక్తనాళంలో పడ్డ కొద్ది నిమిషాల్లోనే రక్తాన్ని వదిలి అన్ని అవయవాల్లోకి ఇంకిపోతుంది. అలా ఇంకకుండా దాన్ని దేనిలోనైనా పెట్టి పంపగలిగితే? పెట్టడానికి కావలసిన తొడుగు అప్పటికే ఇంగ్లండులో సిద్ధంగా ఉంది. కాకపోతే దాన్ని కనిపెట్టినాయన మందుల కోసం వెతకలేదు.

ఆలెక్ బాంగమ్ రక్తం మీద పనిచేసే శాస్త్రవేత్త. కేంబ్రిడ్జి పక్కన బాబ్రహామ్‌లోని పరిశోధన సంస్థలో ఉండేవాడు. 1960ల మొదట్లో అక్కడికి కొత్త ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ వచ్చింది. కోడిగుడ్డు సొనలో ఉండే లెసితిన్ లాంటి కొవ్వును ఎండబెట్టి, నీళ్లు తగిలించి, రంగుద్రావకం కలిపి, సహచరుడు హోర్న్‌తో కలిసి దాని కింద పెట్టి చూశాడు. కొవ్వు ముద్దగా లేదు. పొర మీద పొరగా తనంతట తానే చుట్టుకుని చిన్న చిన్న బుడగలుగా మారి ఉంది. ఆ పొరలు అచ్చం మన కణాల చుట్టూ ఉండే పొరల్లాగే కనిపించాయి. దానికి కారణం ఆ కొవ్వు అణువులోనే ఉంది. దాని తలకు నీళ్లంటే ఇష్టం, తోకలకు గిట్టదు. నీళ్లలో పడగానే తోకలన్నీ లోపలికి దాక్కుని, తలలు బయటికి పెట్టుకుని రెండు వరసల గోడ కట్టేస్తాయి. గోడ అంచులు నీళ్లకు తగలకుండా గుండ్రంగా మూసుకుంటాయి. లోపల కొంచెం నీరు చిక్కుకుపోతుంది. 1965లో బాంగమ్ బృందం ఈ బుడగల్లో ఉప్పు అయాన్లను బంధించి, అవి ఎంత నెమ్మదిగా బయటికి వస్తాయో కొలిచి చూపింది. వీటికే లైపోజోమ్‌లు అని పేరు స్థిరపడింది.

లోపల ఉప్పు ఇమిడితే మందు ఎందుకు ఇమడదు అని అడిగినవాడు గ్రీసు దేశస్థుడు గ్రెగరీ గ్రెగోరియాడిస్. లండన్‌లో బ్రెండా రైమన్‌తో కలిసి 1971లో ఒక ఎంజైమ్‌ను లైపోజోమ్‌లో పెట్టి ఎలుకల్లోకి ఎక్కించాడు. 1974లో క్యాన్సర్ చికిత్సకు ఈ బుడగలు పనికొస్తాయన్న వ్యాసం ఆయన బృందం పేరుతో లాన్సెట్ పత్రికలో వచ్చింది. 1980ల మొదటికి కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో దీని మీదే కంపెనీలు వెలిశాయి.

ఆ ఉత్సాహమంతా కాలేయం దగ్గర ఆగిపోయింది.

రక్తంలో పరాయి రేణువు కనిపిస్తే పట్టి మింగేయడానికి కాలేయంలో, ప్లీహంలో మాక్రోఫేజ్ కణాలు కాపలా ఉంటాయి. రక్తంలోని ప్రోటీన్లు లైపోజోమ్‌కు అంటుకుని ఇది పరాయిదని గుర్తు పెడతాయి, మాక్రోఫేజ్ వచ్చి మింగేస్తుంది. బాక్టీరియా నుంచి మనల్ని కాపాడే ఏర్పాటే మందును గడ్డ దాకా పోనివ్వలేదు. జెరూసలేంలోని హిబ్రూ విశ్వవిద్యాలయంలో కొవ్వుల రసాయనం తెలిసిన యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, హడస్సా ఆసుపత్రిలో క్యాన్సర్ వైద్యుడు ఆల్బెర్తో గాబిజోన్ కలిసి 1980ల నడుమ డాక్సోరుబిసిన్ లైపోజోమ్‌ను రోగుల మీద పరీక్షించారు. రెండు లోపాలు తేలాయి. మందు బుడగ గోడలోనే ఇరుక్కుని ఉండేది, రక్తంలో పలచబడగానే కారిపోయేది. కారకుండా మిగిలినదాన్ని కాలేయం లాగేసుకునేది.

చాలామంది అక్కడితో ఆ దారి వదిలేశారు. వీళ్లిద్దరూ వదల్లేదు. ఆ తర్వాతి ఐదారేళ్లలో జరిగిన పని ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే అందమైన రసాయనం. కాస్త నిలబడి చూడాలి.

ముందు మందు కారిపోవడం. బారెన్‌హోల్జ్ బృందం మందు కలపకుండానే బుడగలు తయారుచేసింది. లోపల అమోనియం సల్ఫేట్ ద్రావణం నింపి, బయట మిగిలిన అమోనియం సల్ఫేట్‌ను పూర్తిగా తీసేసింది. ఇప్పుడు లోపలి అమోనియా గోడ దాటి నెమ్మదిగా బయటికి పోతుంది. పోతూ పోతూ తన ప్రోటాన్‌ను లోపలే వదిలేస్తుంది, దాంతో లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. బయట డాక్సోరుబిసిన్ పోస్తారు. ఆవేశం లేని రూపంలో ఉన్న మందు అణువు కొవ్వు గోడను దాటగలదు. లోపలికి రాగానే అక్కడి ప్రోటాన్‌ను అందుకుని ఆవేశం తెచ్చుకుంటుంది, ఇక గోడ దాటలేదు. పైగా అక్కడున్న సల్ఫేట్‌తో కలిసి గట్టిపడి స్ఫటికంగా మారుతుంది. వాగుల్లో చేపలకు పెట్టే బుట్టలో దూరడానికే దారి ఉన్నట్టు, మందు లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోదు. ఇలా ఒక్కో బుడగలో పది వేల నుంచి పదిహేను వేల అణువుల దాకా పడతాయి. శీతలీకరించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూస్తే గుండ్రటి బుడగ కడుపులో నిడివిగా ఒక మందు కడ్డీ కనిపిస్తుంది. గోడ కూడా మారింది. గుడ్డు కొవ్వుకు బదులు, హైడ్రోజన్ పట్టించి గట్టిపరచిన సోయా కొవ్వు, దానికి తోడు కొలెస్టరాల్. ఒంటి వేడికి కరగని గోడ.

తర్వాత కాలేయం సంగతి. శాన్‌ఫ్రాన్సిస్కోలో దిమిత్రి పాపహజోపులోస్ అనే మరో గ్రీకు శాస్త్రవేత్త దగ్గర గాబిజోన్ కొన్నాళ్లు పనిచేశాడు. బుడగ ఉపరితలాన్ని మారిస్తే మాక్రోఫేజ్ గుర్తుపట్టడం ఆలస్యమవుతుందని వాళ్లకు తెలుస్తూ వచ్చింది. 1990, 1991ల్లో కొన్ని బృందాలు ఇంచుమించు ఒకేసారి ఒకే జవాబుకు చేరాయి: పాలీఇథిలీన్ గ్లైకాల్, పొట్టిగా పెగ్. నీటిని పట్టి ఉంచుకునే ఈ పొడవాటి గొలుసులను బుడగ బయట నాటితే చుట్టూ నీటి పొర ఏర్పడుతుంది. రక్తంలోని ప్రోటీన్లు అంత తేలిగ్గా అంటుకోలేవు. నిమిషాల్లో మాయమయ్యే బుడగ రోజుల తరబడి రక్తంలో తిరిగింది.

ఇక పరిమాణం. 80 నుంచి 100 నానోమీటర్లు, ఎర్ర రక్తకణం వెడల్పులో దాదాపు ఎనభయ్యో వంతు. ఈ కొలతకు కారణం జపాన్‌లో దొరికింది. కుమామోటో విశ్వవిద్యాలయంలో యసుహిరో మత్సుమురా, హిరోషి మయెదా 1986లో ఒక సంగతి గమనించారు. గడ్డ తొందర తొందరగా పెంచుకునే రక్తనాళాల గోడల్లో సందులు ఎక్కువ, పైగా అక్కడికి చేరిన ద్రవాన్ని తోడిపోసే లింఫు నాళాలు సరిగ్గా ఉండవు. కాబట్టి పెద్ద రేణువులు అక్కడ కారి, అక్కడే నిలిచిపోతాయి. గుండె కండరంలోని రక్తనాళాల గోడలు మాత్రం గట్టిగా అతుక్కుని ఉంటాయి. ఒంటరి డాక్సోరుబిసిన్ అణువు ఆ గోడను సులువుగా దాటేస్తుంది. 90 నానోమీటర్ల బుడగ దాటలేదు. గుండెకు రక్షణ ఈ ఒక్క కొలతలోంచి వచ్చింది.

1991లో హడస్సాలో మొదటి రోగులకు ఎక్కించారు. 1994లో గాబిజోన్ ఫలితాలు ప్రకటించాడు. రక్తంలో మందు సగానికి తగ్గడానికి దాదాపు 45 గంటలు పట్టింది. క్యాన్సర్ వల్ల ఊపిరితిత్తుల చుట్టూ, కడుపులో చేరిన నీటిలో మందు మోతాదు మామూలు డాక్సోరుబిసిన్ ఇచ్చినప్పటి కంటే 4 నుంచి 16 రెట్లు ఎక్కువ కనిపించింది. 1995 నవంబరులో డాక్సిల్ పేరుతో అమెరికా ఆమోదం వచ్చింది. అయితే రొమ్ము క్యాన్సర్‌కు కాదు. ఎయిడ్స్ రోగుల చర్మం మీద ఊదారంగు మచ్చలుగా లేచే కపోసీ సార్కోమాకు. ఆ ఏళ్లలో దానికి దారి లేక చనిపోతున్నవాళ్లు ఎందరో, అందుకే ఆమోదం ముందు అక్కడ దొరికింది. 1999లో అండాశయ క్యాన్సర్‌కు విస్తరించింది.

రొమ్ము క్యాన్సర్ దగ్గరికి మొదట చేరినది పెగ్ తొడగని మరో లైపోజోమ్. ప్రిన్స్‌టన్‌లో ది లైపోజోమ్ కంపెనీ తయారుచేసిన మయోసెట్‌కు 2000లో యూరప్ ఆమోదం వచ్చింది, అదీ ఒళ్లంతా పాకిన రొమ్ము క్యాన్సర్‌కే. 297 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో రెండు వర్గాల్లోనూ నూటికి 43 మందికి గడ్డలు తగ్గాయి. గుండె దెబ్బతిన్నది మామూలు డాక్సోరుబిసిన్ వర్గంలో నూటికి 21 మందికి, లైపోజోమ్ వర్గంలో ఆరుగురికి.

పెగ్ తొడిగిన రూపానికి అసలు పరీక్ష ఫలితం 2004లో వచ్చింది. జబ్బు ఇతర అవయవాలకు పాకిన 509 మంది స్త్రీలు. సగం మందికి మూడు వారాలకోసారి మామూలు డాక్సోరుబిసిన్ 60 మిల్లీగ్రాములు, సగం మందికి నాలుగు వారాలకోసారి లైపోజోమ్ రూపం 50 మిల్లీగ్రాములు. జబ్బు ముదరకుండా ఆగిన కాలం ఒకవైపు 7.8 నెలలు, ఇంకోవైపు 6.9. బతికిన కాలం 22 నెలలు, 21 నెలలు. గణాంకాల లెక్కలో రెండూ సమానం. గడ్డను వెతుక్కుంటూ పోయే మందు కోసం ఎదురుచూసినవాళ్లకు ఈ అంకెలు నిరాశ కలిగించాయి.

ఇంకో పేజీ తిప్పి చూడాలి. గుండె పనితీరు పడిపోయినవాళ్లు మామూలు మందు వర్గంలో 48 మంది, లైపోజోమ్ వర్గంలో 10 మంది. జుట్టు ఊడినవాళ్లు నూటికి 66 మంది ఉన్నచోట 20 మంది. వాంతులు నూటికి 31 మందికి అయినచోట 19 మందికి. ఇరవై ఒకటి, ఇరవై రెండు నెలలే మిగిలి ఉన్న మనిషికి ఆ నెలలు ఎలా గడుస్తాయన్నది చిన్న విషయం కాదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం రాకుండా, పడుకుంటే ఊపిరాడకుండా పోకుండా, తలదువ్వుకుని బయటికి వెళ్తూ గడపడం వేరు. రోగులతో మాట్లాడని చరిత్రకారులే దీన్ని విఫల ప్రయోగంగా రాస్తారు.

మూల్యం లేకపోలేదు. అదే పరీక్షలో లైపోజోమ్ తీసుకున్నవాళ్లలో నూటికి 48 మందికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబారి, మండి, కొందరికి తోలు ఊడింది. మామూలు మందుతో అది నూటికి ఇద్దరికే. రోజుల తరబడి రక్తంలో తిరిగే బుడగలు ఒత్తిడి, రాపిడి పడే చర్మంలోని సన్నని నాళాల్లోంచి కూడా బయటికి చేరతాయి. అందుకే ఈ మందు ఎక్కించుకున్నాక కొన్నాళ్లు వేడినీళ్లు పోసుకోవద్దు, బిగుతు చెప్పులు వేసుకోవద్దు, గిన్నెలు తోమే పని, బట్టలుతికే పని వేరేవాళ్లకు అప్పజెప్పమని చెబుతారు. ఇంటిచాకిరీ అంతా తన మీదే ఉన్న స్త్రీకి ఈ మూడో సలహా పాటించడం ఎంత కష్టమో చెప్పేవాళ్లకూ తెలుసు. చాలాచోట్ల డాక్టర్లు 50 బదులు 40 మిల్లీగ్రాములకే దిగిపోయారు, దాంతో చేతుల బాధ కొంత తగ్గింది.

గుండెను కాపాడటం ఎంత అవసరమో 2001లో ఇంకా స్పష్టమైంది. హెర్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్న రొమ్ము క్యాన్సర్‌కు ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు అప్పటికే వచ్చింది. దాన్ని డాక్సోరుబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ జంటతో కలిపి ఇస్తే రోగులు ఎక్కువ కాలం బతికారు. కానీ నూటికి 27 మందికి గుండె పనితీరు తగ్గింది. యాంటీబాడీ లేకుండా అదే జంట ఇచ్చినప్పుడు ఎనిమిది మందికే. ప్రాణం నిలిపే రెండు మందులు ఒకే గుండె మీద పడుతున్నాయి. 2003లో యూరప్ పెగ్ లైపోజోమ్‌ను గుండెకు ముప్పు ఎక్కువగా ఉన్న, జబ్బు పాకిన రొమ్ము క్యాన్సర్ రోగులకు ఆమోదించింది. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ పేరుతో ఆమోదం రాకపోయినా, అక్కడి డాక్టర్లు అవసరాన్ని బట్టి వాడుతూనే వచ్చారు.

ఈ మందు తయారీ ఎంత సున్నితమో 2011లో రోగులకు నేరుగా తెలిసివచ్చింది. డాక్సిల్‌ను వేరే కంపెనీ కోసం తయారుచేసే ఒహాయోలోని ఫ్యాక్టరీలో ఉత్పత్తి ఆగిపోయింది. చికిత్స మధ్యలో ఉన్నవాళ్లు వరుసలో పేరు రాయించుకుని ఎదురుచూశారు. మామూలు మాత్రకు నకలు తయారుచేయాలంటే అణువు అదే అయితే చాలు. ఇక్కడ కొవ్వు అదే ఉండాలి, కొలెస్టరాల్ పాలు అంతే ఉండాలి, బుడగ పరిమాణం, లోపలి స్ఫటికం, మందు కారే వేగం అన్నీ సరిపోవాలి. అందుకే వెంటనే అందుకోగలిగిన కంపెనీలు అప్పట్లో ప్రపంచంలో పెద్దగా లేవు. 2012 ఫిబ్రవరిలో అమెరికా మన దేశపు సన్ ఫార్మా తయారుచేసే లిపోడాక్స్‌ను తాత్కాలికంగా దిగుమతి చేసుకుంది. ఏడాదికి ఆ కంపెనీ జెనరిక్‌కు పూర్తి ఆమోదమే ఇచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా నడిచే డాక్టర్ రెడ్డీస్ కూడా ఆ తర్వాత తన డాక్సోరుబిసిన్ లైపోజోమ్‌ను అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. జెరూసలేంలో, కాలిఫోర్నియాలో పుట్టిన పద్ధతి ఇలా మన ఫ్యాక్టరీల చేతికి అందింది. మన ఆసుపత్రుల్లో ఇవాళ ఎక్కిస్తున్నది చాలావరకు దేశంలోనే తయారైన సరుకు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచుతారు, గడ్డకట్టనివ్వరు. సెలైన్లో కాకుండా గ్లూకోజ్ బాటిల్లో కలుపుతారు. మామూలు ఎర్ర మందు అద్దంలా తేటగా ఉంటే ఇది కొంచెం మబ్బు పట్టినట్టుంటుంది. ఆ మసక అంతా కొవ్వు బుడగలదే.

గడ్డకు గురి పెట్టే ఆలోచన అక్కడితో ఆగలేదు. అమెరికాలోని మెరిమాక్ కంపెనీ ఇదే లైపోజోమ్ ఒంటి మీద హెర్-2ను పట్టుకునే యాంటీబాడీ ముక్కలు అతికించింది. ఎమ్ఎమ్-302 అని పేరు. హెర్-2 రకం రొమ్ము క్యాన్సర్ పాకిన స్త్రీల మీద పరీక్ష మొదలైంది. మామూలు కీమో కంటే మెరుగు కాదని తేలడంతో 2016 డిసెంబరులో దాన్ని ఆపేశారు. అదే ఏడాది టొరంటో విశ్వవిద్యాలయంలో వారెన్ చాన్ బృందం పదేళ్ల పరిశోధన పత్రాలన్నీ గుదిగుచ్చి, ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డ దాకా చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే అని లెక్క తేల్చింది. ఆ పత్రాల్లో ఎక్కువ భాగం ఎలుకల మీద చేసినవి. ఎలుకల్లో గడ్డ వారాల్లో ఒంటి బరువులో పెద్ద వంతుకు పెరుగుతుంది, సందులూ ఎక్కువే. మనిషి గడ్డ ఏళ్ల తరబడి పెరిగి, చుట్టూ గట్టి పీచు కట్టుకుని ఉంటుంది.

ఎమ్ఎమ్-302 ఓడిపోయినా, దానితో చేసిన ఒక చిన్న అధ్యయనం చాలా విలువైనది. ఆ బుడగలకు రేడియోధార్మిక రాగిని తగిలించి, రొమ్ము క్యాన్సర్ పాకిన 19 మంది రోగులకు ఎక్కించి, పెట్ స్కానర్ కింద పడుకోబెట్టి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. కొన్ని గడ్డలు స్కాన్‌లో వెలిగిపోయాయి. కొన్నింటిలో దాదాపు ఏమీ లేదు. తక్కువ చేరిన గడ్డకూ ఎక్కువ చేరిన గడ్డకూ తేడా 35 రెట్లు. ఎక్కువ చేరిన రోగులకు ఫలితం కూడా మెరుగ్గా కనిపించింది. 2004 నాటి పరీక్షలో 509 మందికి కలిపి తీసిన సగటు వెనక ఎవరి గడ్డ బుడగలకు దారి ఇచ్చిందో, ఎవరిది ఇవ్వలేదో ఎవరూ చూడలేదు. అప్పట్లో చూసే సాధనమూ లేదు. రోగిని ముందే స్కాన్ చేసి, బుడగలు చేరే గడ్డకే ఈ మందు ఇవ్వడం అనే పని ఇంకా పరిశోధన దశలోనే ఉంది.

ఈలోగా రొమ్ము క్యాన్సర్‌కు మరో నానో మందు వేరే దారిలో వచ్చింది. దాని కథ అమెరికా వాయవ్య తీరపు అడవుల్లో, ఒక చెట్టు బెరడు దగ్గర మొదలవుతుంది. ఆ బెరడులోని మందు నీళ్లలో కరగదు. కరిగించడానికి వాడినది ఆముదం నుంచి తయారైన ద్రావకం. రోగులను ప్రాణాపాయం దాకా తీసుకెళ్లిన రియాక్షన్లకు ఆ ద్రావకమే ప్రధాన కారణమని తేలడానికీ, దాని స్థానంలో మన రక్తంలోనే ఉండే ఆల్బుమిన్‌ను పెట్టి 2005లో ఆమోదం సాధించడానికీ మధ్య ఏం జరిగిందో తొమ్మిదో భాగంలో.